లోతు సముద్ర యాత్రలు, వాటిని లోకం చూసిన తీరు

సముద్ర మట్టానికి 200 మీటర్ల దిగువ నుంచి అడుగు దాకా ఉన్నదంతా శాస్త్రవేత్తల లెక్కలో లోతు సముద్రం. భూగోళం మీద దాదాపు మూడింట రెండు వంతుల మేర దీని పరిధిలోకే వస్తుంది. 200 మీటర్లు దాటితే మొక్కలు బతకడానికి చాలినంత వెలుతురు ఉండదు. 1,000 మీటర్లు దాటితే సూర్యకాంతి జాడే ఉండదు. దిగిన ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం అదనంగా మీద పడుతుంది. అన్నిటికన్నా లోతైన చోటు పశ్చిమ పసిఫిక్‌లో, మరియానా అగాధంలో ఉన్న చాలెంజర్ డీప్. దాని లోతు సుమారు 10,900 మీటర్లు. అక్కడి పీడనం ఒడ్డున ఉన్నదానికి వెయ్యి రెట్ల పైమాట. రేడియో తరంగాలు ఉప్పునీటిలో సాగవు కాబట్టి అడుగున ఏముందో ఉపగ్రహం నేరుగా చూడలేదు. తాడో, శబ్దమో, తీగ కట్టిన యంత్రమో, ఉక్కు గోళంలో కూర్చున్న మనిషో కిందికి దిగితేనే ఏదైనా తెలిసేది.

అలా దిగి చూసింది ఎంత? 1958 నుంచి జరిగిన సుమారు 44,000 మునకల వివరాలను పోగుచేసి 2025లో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో ఒక అధ్యయనం వెలువడింది. మనిషి కంటితోగానీ కెమెరాతోగానీ చూసిన భాగం లోతు సముద్రపు అడుగు మొత్తంలో 0.001 శాతమేనని అది తేల్చింది. విస్తీర్ణంలో అది ఒక చిన్న జిల్లాకు మించదు. ఆ మునకల్లో దాదాపు మూడింట రెండు వంతులు అమెరికా, జపాన్, న్యూజీలాండ్ తీరాలకు 200 నాటికల్ మైళ్ల లోపే జరిగాయి. వాటికి ఫ్రాన్స్, జర్మనీలను కలిపితే ఈ అయిదు దేశాలే 97 శాతం మునకలు నడిపాయి.

ఇంత కొద్దిమంది ఇంత కొంచెం చూసినప్పుడు, మిగతా మానవజాతికి తెలిసినదంతా వాళ్లు తెచ్చి చూపించినదే, చెప్పినదే. అందుకే లోతు సముద్ర అన్వేషణ చరిత్రలో నౌకలు, యంత్రాలు ఎంత ముఖ్యమో, చూసినదాన్ని జనానికి చేరవేసిన పద్ధతులూ అంతే ముఖ్యం. ఫలితాలను ప్రకటించడం యాత్ర ముగిశాక చేసే లాంఛనమని చాలామంది అనుకుంటారు. చరిత్ర అలా లేదు. పంచుకోవడం వల్లే కొన్ని ఆవిష్కరణలు పూర్తయ్యాయి. పంచుకునే సాధనం లేక కొన్ని ఇప్పటికీ సందేహంలోనే ఉండిపోయాయి.

తాళ్లు, వలలు, 50 సంపుటాలు

19వ శతాబ్దం మధ్యలో లోతుల్లో ప్రాణి ఉండదన్న అభిప్రాయం బలంగా ఉండేది. 1841లో ‘బీకన్’ నౌక మీద ఈజియన్ సముద్రంలో వల లాగిన ప్రకృతి శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఫోర్బ్స్, లోతు పెరిగేకొద్దీ జీవులు తగ్గిపోవడం గమనించాడు. ఆ లెక్కన 300 బారల కింద, అంటే దాదాపు 550 మీటర్ల కింద, ఏదీ బతకదని అంచనా వేశాడు. పోషకాలు బాగా తక్కువగా ఉండే ఒక సముద్రంలో కనిపించినదాన్ని ఆయన అన్ని సముద్రాలకూ వర్తింపజేశాడు. 1868లో ‘లైట్నింగ్’, 1869–70లో ‘పోర్క్యుపైన్’ నౌకల మీద చార్లెస్ వైవిల్ థామ్సన్, విలియం కార్పెంటర్ చేసిన యాత్రలతో ఆ వాదం వీగిపోయింది. 1869లో పోర్క్యుపైన్ వల 2,435 బారల (సుమారు 4,450 మీటర్ల) లోతు నుంచి బతికున్న జీవులను పైకి తెచ్చింది. అప్పటికే అట్లాంటిక్ అడుగున టెలిగ్రాఫ్ తీగలు పరుస్తున్నారు. అడుగు ఎలా ఉంటుందన్న ప్రశ్నకు వ్యాపార ప్రయోజనం కూడా తోడైంది.

ఆ ఊపులోనే ‘చాలెంజర్’ యాత్ర మొదలైంది. 1872 డిసెంబరు 21న పోర్ట్స్‌మౌత్ నుంచి బయల్దేరిన ఈ యుద్ధనౌకలో ఫిరంగులను చాలావరకు తీసేసి ఆ స్థానంలో ప్రయోగశాలలు పెట్టారు. 1876 మే 24న తిరిగొచ్చేసరికి అది 68,890 నాటికల్ మైళ్లు తిరిగింది. ఎక్కడ ఆగినా పని ఒకటే. ముందు బరువు కట్టిన జనపతాడు వదిలి లోతు కొలిచేవాళ్లు. ఆ తాడుకే సీసాలు కట్టి వేర్వేరు లోతుల నీళ్లు పట్టేవాళ్లు, ఉష్ణమాపకాలు దించేవాళ్లు. చివర్లో ఇనుప చట్రానికి బిగించిన వలను అడుగున ఈడ్చి ఆవిరి యంత్రంతో పైకి లాగేవాళ్లు. లోతైన చోట ఒక్క మకాంకే పూట గడిచిపోయేది. మొదట్లో వల పైకొచ్చిన ప్రతిసారీ సిబ్బంది అంతా చుట్టూ మూగేవారు. నెలలు గడిచేకొద్దీ ఆ బూడిదరంగు బురదలో చేతులు పెట్టడానికి ప్రకృతి శాస్త్రవేత్తలే మిగిలారు. 1875 మార్చి 23న మరియానా దీవుల దగ్గర తాడు 4,475 బారలు (సుమారు 8,184 మీటర్లు) దిగింది. చాలెంజర్ డీప్‌కు ఆ పేరు ఈ నౌక వల్లే వచ్చింది.

నౌక తెచ్చిన నమూనాలను ఏం చేయాలన్న దగ్గర బ్రిటన్‌లో పెద్ద వివాదం రేగింది. వాటిని బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంచి స్వదేశీయుల చేతే పరిశీలింపజేయాలని కొందరు పట్టుబట్టారు. యాత్రలో శాస్త్రవేత్తల బృందానికి నాయకుడైన థామ్సన్ ఒప్పుకోలేదు. ఏ జీవి గురించి ఎవరికి బాగా తెలిస్తే వారికే, ఏ దేశం వారైనా సరే, పంపించాడు. ఈ రంగంలో తీసుకున్న నిర్ణయాల్లో ఇంత దూరం చూసినది ఇంకొకటి లేదని నా నమ్మకం. 1882లో థామ్సన్ చనిపోయాక ఆయన సహచరుడు జాన్ మరే ఆ బాధ్యత మోశాడు. 1880 నుంచి 1895 వరకు 50 సంపుటాలు వెలువడ్డాయి. దాదాపు 4,700 కొత్త జాతులు శాస్త్రానికి తెలిశాయి.

ఆ సంపుటాలు పండితులకు ఉద్దేశించినవి. అయినా వాటిలోని కొన్ని బొమ్మలు వీధిలోకి నడిచాయి. జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్‌కు రేడియోలేరియా అనే ఏకకణ జీవులు దక్కాయి. సూదిమొన మీద పట్టే ఆ ప్రాణులు గాజులాంటి సిలికాతో అల్లుకునే గూళ్లను ఆయన ఒక్కొక్కటీ గీసి, 1887లో మూడున్నర వేల కొత్త జాతులను వర్ణించాడు. 1900 పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనకు రెనే బినే కట్టిన భారీ ముఖద్వారానికి ఆ గూడే నమూనా. పసిఫిక్ బురదలో దొరికిన ఆకారం కింద నుంచి లక్షల మంది సందర్శకులు నడిచి వెళ్లారు.

బంగాళాఖాతంలోనూ అప్పుడే పని మొదలైంది. రాయల్ ఇండియన్ మెరైన్ సర్వే వారి ‘ఇన్వెస్టిగేటర్’ నౌకలో వైద్యుడూ ప్రకృతి శాస్త్రవేత్తా అయిన ఆల్ఫ్రెడ్ ఆల్కాక్ 1888 నుంచి 1892 వరకు పనిచేశాడు. నౌక అసలు పని ఓడదారుల పటాలు తయారుచేయడం. దొరికిన వెసులుబాటులోనే ఆయన వల వేసి చేపలు, పీతలు, పగడాలు సేకరించి కలకత్తాలోని ఇండియన్ మ్యూజియానికి చేర్చాడు. భారతీయ చిత్రకారులు గీసిన చిత్రఫలకాలతో వాటి వివరాలు అచ్చయ్యాయి. 1902లో ఆల్కాక్ సామాన్య పాఠకుల కోసం ‘ఎ నేచురలిస్ట్ ఇన్ ఇండియన్ సీస్’ రాశాడు. మన చుట్టూ ఉన్న సముద్రాల లోతుల గురించి మామూలు మనిషి చదవగలిగిన తొలి పుస్తకాల్లో అదొకటి.

ఇనుప గోళం నుంచి రేడియోకు

వలలో పైకొచ్చింది చచ్చిన ప్రాణి. పీడనం తగ్గి ఉబ్బి, రంగు పోయి, నలిగి వచ్చేది. దాని బతుకును దాని చోటనే చూడాలన్న కోరిక ప్రకృతి శాస్త్రవేత్త విలియం బీబ్, ఇంజినీరు ఓటిస్ బార్టన్‌లను బాతిస్ఫియర్ దాకా తీసుకెళ్లింది. ఒకటిన్నర అంగుళాల మందం ఉక్కుతో పోతపోసిన గోళం అది. వ్యాసం నాలుగు ముప్పావు అడుగులు. ఇద్దరు మనుషులు మోకాళ్లు ముడుచుకుని లోపల కూర్చోవాలి. గాలి కోసం ఆక్సిజన్ సిలిండర్లు, బయటికి వదిలిన ఊపిరిని, తేమను పీల్చేందుకు పళ్లాలలో రసాయనాలు. ఇంజిన్ లేదు, చుక్కాని లేదు. ఓడ మీది వించ్‌కు ఉక్కు తాడుతో వేలాడుతూ దిగడమే. ఆ తాడు తెగితే పైకి రావడానికి మరో దారి లేదు.

1930–34 మధ్య బెర్ముడా దగ్గర జరిగిన ఈ మునకల్లో అందరికన్నా గొప్ప పాత్ర, నా దృష్టిలో, టెలిఫోన్ తీగది. కిటికీలోంచి చూస్తూ బీబ్ చెప్పుకుపోయేవాడు. పైన ఓడ మీద గ్లోరియా హాలిస్టర్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ప్రతి మాటా, లోతుతో సహా, రాసుకునేది. నీళ్ల రంగు మారుతున్న తీరు, మెరిసిన ప్రతి వెలుగు, చేప పక్కన వరుసగా ఉన్న దీపాల లెక్క అన్నీ అందులో ఉండేవి. ఆ మాటల ఆధారంగా చిత్రకారిణి ఎల్సె బోస్టెల్‌మన్ తాను ఎన్నడూ చూడని ప్రాణులను నల్లటి నేపథ్యం మీద రంగుల్లో నిలబెట్టింది. ఆ బొమ్మలు నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వచ్చాయి. 1932 సెప్టెంబరులో అదే తీగను రేడియోకు కలిపారు. 2,200 అడుగుల లోతు నుంచి బీబ్ గొంతు అమెరికాలో, బ్రిటన్‌లో ఇళ్లకు నేరుగా చేరింది. లోతు సముద్రం నుంచి తొలి ప్రత్యక్ష ప్రసారం అదే. ఆ ఏడాదే మనుషులు లేకుండా దించిన ఒక పరీక్షలో గోళం నిండా నీళ్లు చేరాయి. పైకి తెచ్చి మూత బోల్టు వదులు చేయగానే లోపలి పీడనానికి అది ఫిరంగి గుండు వేగంతో డెక్ మీదుగా దూసుకుపోయింది. శ్రోతలకు ఆ గొంతు వినిపించిన చోటు ఎంత ప్రమాదకరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

1934 ఆగస్టు 15న ఇద్దరూ 3,028 అడుగులు (923 మీటర్లు) దిగారు. అయితే బీబ్ వర్ణించి పేర్లు పెట్టిన చేపల్లో కొన్ని ఆ తరవాత ఎవరికీ కనిపించలేదు. నమూనా లేదు, ఫోటో లేదు; ఒక మనిషి మాట, ఒక చిత్రం మాత్రం ఉన్నాయి. శాస్త్రవేత్తలు అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోరు. 1960 జనవరి 23న చాలెంజర్ డీప్ అడుగుకు చేరిన జాక్ పికార్డ్, డాన్ వాల్ష్‌లదీ అలాంటి కథే. పెట్రోలు నింపిన తేలుడు తొట్టికి గోళం కట్టిన ‘ట్రియెస్టె’లో వాళ్లు అయిదు గంటలకు కాస్త తక్కువ సమయంలో దిగారు, ఇరవై నిమిషాలు ఉన్నారు. రేగిన బురదలో ఒక్క ఫోటో కూడా తీయలేకపోయారు. చదునైన చేపను చూశానన్న పికార్డ్ మాటను నేటి జీవశాస్త్రవేత్తలు నమ్మడం లేదు. ఆ తరవాత మనిషి మళ్లీ అక్కడికి వెళ్లింది 2012 మార్చి 26న. సినిమా దర్శకుడు జేమ్స్ కామెరాన్ ఒంటరిగా, కెమెరాలతో సహా దిగాడు.

ఒక పటం చేసిన పని

అందరికీ అర్థమయ్యేలా సముద్రగర్భాన్ని చూపించిన ఘనత మరీ థార్ప్‌ది. న్యూయార్క్‌లోని లామాంట్ పరిశోధనశాలలో ఆమె, బ్రూస్ హీజెన్ కలిసి పనిచేశారు. అప్పట్లో ఆడవాళ్లను పరిశోధక నౌకలు ఎక్కనిచ్చేవారు కాదు. హీజెన్ బృందం శబ్దంతో లోతు కొలిచే సోనార్‌తో తెచ్చిన లోతుల అంకెలను ఆమె బల్ల దగ్గర కూర్చుని చేత్తో గీతలుగా మార్చింది. అట్లాంటిక్ మధ్య పర్వతశ్రేణి నడుమ పొడవునా ఒక చీలిక లోయ ఉందని 1950ల తొలినాళ్లలో గుర్తించింది. ఖండాలు కదులుతున్నాయన్న వాదానికి అది పెద్ద బలం. ఆస్ట్రియా చిత్రకారుడు హైన్రిష్ బెరాన్ ఆ అంకెలకు కొండలు, లోయల రూపం ఇచ్చాడు. ఆయన గీసిన హిందూ మహాసముద్ర గర్భ పటం 1967 అక్టోబరు నేషనల్ జియోగ్రాఫిక్‌తో పాటు ఇళ్లకు చేరింది. ప్రపంచ సముద్రాలన్నిటి పటం 1977లో వచ్చింది. నీళ్లు తీసేసిన భూమి ఎలా ఉంటుందో ఒక తరం మొత్తానికి మనసులో ముద్రవేసింది ఆ గోడపటమే.

హిందూ మహాసముద్రం ముందుగా పటంలోకి ఎక్కడం వెనుక 1959–65 నాటి అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర ఉంది. అనేక దేశాల నౌకలు పాల్గొన్న ఆ యాత్రలో మన ‘ఐఎన్ఎస్ కిస్ట్నా’ కూడా ఉంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర విజ్ఞానం బోధించిన అమెరికా శాస్త్రవేత్త ఇ.సి. లాఫాండ్, తూర్పు తీరానికి అవతల ఖండపు అంచు వాలులో ఉన్న లోయల గురించి 1964లో ప్రకటించాడు. వాటిలో ఒకటి ఆంధ్ర లోయ. ఇంకొకటి విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్రాచార్యుడు సి. మహదేవన్ పేరు మీద ఉంది. ఆ ఒడ్డున ఉన్న ఊళ్లలో ఈ లోయల సంగతి విన్నవారు తక్కువ. బళ్లలో కొండల పేర్లు, నదుల పేర్లు చెబుతారు. నీటి కింది లోయలకు పాఠంలో చోటు లేదు.

గలపగోస్ దగ్గర దొరికిన లోకం

ఒక్క యాత్ర గురించి చెప్పమంటే 1977 ఫిబ్రవరి గలపగోస్ యాత్ర గురించే చెప్పాలి. అది భూగర్భ శాస్త్రవేత్తల యాత్ర. సముద్రపు అడుగు పలకలు విడిపోయే చోట వేడినీటి ఊటలు ఉండాలన్నది సిద్ధాంతం. వాటిని చూడాలన్నది లక్ష్యం. ముందుగా ‘యాంగస్’ అనే కెమెరా బండిని రెండున్నర కిలోమీటర్ల లోతున అడుగుకు కాస్త పైన లాగారు. ఒకచోట నీటి వేడి ఒక్కసారి పెరిగి వెంటనే తగ్గింది. ఫిల్మ్ కడిగి చూస్తే 3,000 ఫోటోల్లో పదమూడింటిలో మాత్రం తెల్లటి ఆల్చిప్పలు కుప్పలుగా ఉన్నాయి. ఆ ముందూ వెనకా అంతా వట్టి లావా రాయే.

మర్నాడు ‘ఆల్విన్’ అనే ముగ్గురు పట్టే జలాంతర్గామిలో పైలట్ జాక్ డాన్లీతో పాటు జాక్ కార్లిస్, చీర్డ్ వాన్ ఆండెల్ అక్కడికి దిగారు. రాళ్ల సందుల్లోంచి వెచ్చటి నీరు ఎండమావిలా మిలమిలలాడుతూ ఉబుకుతోంది. చుట్టూ అడుగు పొడవు ఆల్చిప్పలు, తెల్ల పీతలు. యాత్ర సాగేకొద్దీ ఎర్రటి కుచ్చులతో నిలువు గొట్టాల్లో నిలబడ్డ పురుగుల తోటలు కూడా కనిపించాయి. నౌక మీద జీవశాస్త్రవేత్త ఒక్కడూ లేడు. నమూనాలు నిలవ చేయడానికి ఫార్మాలిన్ ఏ మూలకూ చాలలేదు. పనామాలో కొన్న రష్యన్ వోడ్కాలో వేసి కొన్నిటిని ఒడ్డుకు చేర్చారు. నీటి సీసా మూత తీస్తే కుళ్లిన గుడ్ల కంపు కొట్టింది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. అక్కడి జీవుల తిండి రహస్యం ఆ కంపులోనే ఉంది.

ఆ రహస్యం విప్పింది సముద్రంలో దిగినవాళ్లు కాదు. రెండు మీటర్ల దాకా పెరిగే ఆ గొట్టపు పురుగుకు నోరూ లేదు, పేగూ లేదు. దాని శరీర నిర్మాణాన్ని పరిశీలిస్తున్న మెరెడిత్ జోన్స్ హార్వర్డ్‌లో ప్రసంగిస్తూ, లోపల గంధకపు స్ఫటికాలు కనిపించాయని చెప్పాడు. విద్యార్థుల్లో ఉన్న కోలీన్ కావనా లేచి, పురుగు ఒంట్లో గంధకాన్ని మండించి ఆహారం తయారుచేసే బ్యాక్టీరియా ఉండి ఉండాలని అంది. నమూనాలు అడిగి తీసుకుని పరిశోధించి 1981లో అది నిజమని చూపించింది. సూర్యుడితో పనిలేకుండా, రసాయనాల నుంచి ఆహారం పుట్టించుకునే బ్యాక్టీరియా మీద ఆధారపడి ఒక జీవావరణమే నడుస్తోందన్న మాట. సముద్రానికి దూరంగా, ఒక తరగతి గదిలో పంచుకున్న ముక్క నుంచి ఆ యాత్ర అసలు ఫలితం బయటికొచ్చింది. 1979లో జీవశాస్త్రవేత్తలు నేషనల్ జియోగ్రాఫిక్ చిత్రబృందాన్ని వెంటబెట్టుకుని తిరిగి వెళ్లారు. ఆ ఏడాదే మెక్సికోకు పశ్చిమాన 350 డిగ్రీల సెల్సియస్ వేడితో నల్లటి పొగలా ఖనిజాలు చిమ్మే గొట్టాలూ దొరికాయి.

ప్రత్యక్ష ప్రసారం

1985 సెప్టెంబరు 1న సముద్ర శాస్త్రవేత్తలు రాబర్ట్ బాలర్డ్, జాన్-లూయీ మిషెల్ బృందం టైటానిక్ శకలాలను కనిపెట్టాక బాలర్డ్‌కు బడిపిల్లల నుంచి వేలాది ఉత్తరాలు వచ్చాయి. ఈసారి మమ్మల్నీ తీసుకెళ్లమన్నది వాటి సారాంశం. 1989లో ఆయన మొదలుపెట్టిన జేసన్ ప్రాజెక్టు మధ్యధరా సముద్రం అడుగు నుంచి దృశ్యాలను ఉపగ్రహం ద్వారా పిల్లలున్న సభామందిరాలకు పంపింది. నేటి ప్రసారాలకు అదే నాంది.

ఇప్పటి పద్ధతికి అమెరికా ప్రభుత్వ నౌక ‘ఒకియానోస్ ఎక్స్‌ప్లోరర్’ మంచి ఉదాహరణ. దాని రోబో ‘డీప్ డిస్కవరర్’ 6,000 మీటర్ల దాకా దిగుతుంది. ఓడ అలలకు ఊగితే రోబో కుదుపుకు లోను కాకుండా పైన ‘సీరియోస్’ అనే ఇంకో యంత్రం ఆ ఊపును భరిస్తుంది. ఫైబర్ తీగ గుండా పైకొచ్చిన దృశ్యం ఓడ మీది డిష్ నుంచి ఉపగ్రహానికి, అక్కడి నుంచి ప్రపంచానికి పోతుంది. తెర మీద 10 సెంటీమీటర్ల ఎడంతో రెండు లేజర్ చుక్కలు పడతాయి; ప్రాణి ఎంత ఉందో వాటిని బట్టి చూసేవారూ లెక్కగట్టవచ్చు. ఓడ మీద ఇద్దరు ముగ్గురు శాస్త్రవేత్తలే ఉన్నా, ఒడ్డున తమ తమ ఊళ్లలో పగడాల నిపుణుడు, స్పంజికల నిపుణురాలు ఫోన్ లైన్లో ఉంటారు. ఎవరి ప్రాణి కనబడితే వారు మాట్లాడతారు. థామ్సన్ నమూనాలను దేశదేశాలకు పంపి రెండు దశాబ్దాల్లో సాధించిన పనిలో కొంత ఇక్కడ నిమిషాల్లో జరుగుతుంది.

2016 ఫిబ్రవరిలో హవాయి దీవుల దగ్గర 4,290 మీటర్ల లోతున ఈ రోబోకు ఒక ఆక్టోపస్ కనిపించింది. ఒంట్లో రంగు లేదు, దాదాపు పారదర్శకం. చూసినవాళ్లు దానికి బొమ్మల కథల్లోని దయ్యం పేరు మీద ‘కాస్పర్’ అని పేరు పెట్టారు. అదే ఏడాది చివర్లో ఇంకో సంగతి ప్రచురితమైంది. ఈ రకం ఆక్టోపస్‌లు సముద్రపు అడుగున ఉండే మాంగనీస్ ఖనిజపు ముద్దల మీద పెరిగి చచ్చిన స్పంజికల కాడలకు గుడ్లు అంటించి, చుట్టుకుని కాపలా కాస్తాయి. ఖనిజం కోసం ఏరాలనుకుంటున్నది ఆ ముద్దలనే. ముద్దు పేరు పెట్టుకున్న జనానికి ఆ ఖనిజాల చర్చ ఒక్కసారిగా తమ విషయమైంది. ప్రసారాల అసలు విలువ ఇక్కడే ఉందని నేను నమ్ముతాను.

చూసేవారు శాస్త్రానికి సాయపడిన సందర్భాలూ ఉన్నాయి. కెనడా పశ్చిమ తీరాన బార్క్‌లీ లోయలో 900 మీటర్ల దరిదాపుల్లో అడుగునే బిగించిన కెమెరా ఒకటుంది. 2013 జనవరిలో ఉక్రెయిన్‌లోని ఒక పద్నాలుగేళ్ల కుర్రాడు ఇంట్లో కూర్చుని దాని దృశ్యాలు చూస్తున్నాడు. తెరలోకి పెద్ద మూతి ఒకటి వచ్చి అడుగున పడుకున్న హ్యాగ్‌ఫిష్‌ను నూడుల్స్ జుర్రుకున్నట్టు మింగేసింది. అతను రాసి అడిగితే శాస్త్రవేత్తలు వెనక్కి తిప్పి చూశారు. అది ఏనుగు సీల్. అంత లోతున అది వేటాడుతుండగా చూడటం వారికి అపూర్వం.

ష్మిట్ ఓషన్ ఇన్‌స్టిట్యూట్ నౌక 2025 మార్చిలో సౌత్ శాండ్‌విచ్ దీవుల దగ్గర 600 మీటర్ల లోతున కొలోసల్ స్క్విడ్‌ను దాని సహజ స్థానంలో తొలిసారి చిత్రీకరించింది. శాస్త్రం దానికి పేరు పెట్టి అప్పటికి సరిగ్గా వందేళ్లు. చిత్రంలోది 30 సెంటీమీటర్ల పిల్ల. అదే ఏడాది జూలై–ఆగస్టుల్లో ఆ నౌకే అర్జెంటీనా తీరంలోని మార్ దెల్ ప్లాతా లోయకు వెళ్లింది. ఈసారి మైకు ముందున్నది అర్జెంటీనా శాస్త్రవేత్తలు. మాట్లాడింది తమ స్పానిష్‌లో. ప్రసారాన్ని ఒకే సమయంలో వేలాది మంది చూశారు. కార్టూన్ పాత్రను పోలిన ఒక నక్షత్రచేప దేశమంతటా చర్చకు వచ్చింది. పిల్లలు బొమ్మలు గీసి పంపారు. తమ తీరం, తమ శాస్త్రవేత్తలు, తమ భాష ఒక్కటైతే ఎంత ఆదరణ ఉంటుందో ఆ మూడు వారాలు నిరూపించాయి.

పేరుకూ హక్కుకూ మధ్య

తెర మీద కనిపించడం వేరు, శాస్త్రంలో నమోదవడం వేరు. ఒక జాతిని వర్ణించాలంటే నమూనా కావాలి, పోల్చి చూసే నిపుణుడు కావాలి, ఏళ్ల తరబడి ఓపిక కావాలి. హవాయి–మెక్సికోల నడుమ మాంగనీస్ ముద్దలు పరుచుకున్న క్లారియన్–క్లిపర్టన్ ప్రాంతంలో 5,578 జాతులు ఉండవచ్చని 2023లో అంచనా వేశారు. అందులో సుమారు 90 శాతానికి ఇంకా పేరు లేదు. జమైకాలోని అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థ అదే ప్రాంతంలో ఖనిజ అన్వేషణకు కాంట్రాక్టులు ఇచ్చింది. పేరు లేనిదానికి నష్టం లెక్కకట్టడం ఎవరి వల్లా కాదు. ఏ దేశానికీ చెందని సముద్రాల జీవసంపదను కాపాడే ఒప్పందం 2023లో కుదిరి, 2026 జనవరిలో అమల్లోకి వచ్చింది. పరిశోధన ఫలితాలను, సాంకేతికతను నౌకలు లేని దేశాలతో పంచుకోవాలని అది అడుగుతోంది. అడుగు పటం విషయంలో పని కొంత మెరుగు: 2017లో సీబెడ్ 2030 పథకం మొదలైన నాటికి ఆరు శాతం ఉన్న సోనార్ పటం 2025 మధ్యకు 27.3 శాతానికి చేరింది.

మన సముద్రం

1981 జనవరి 26న గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ నౌక ‘గవేషణి’ హిందూ మహాసముద్రపు అడుగు నుంచి మాంగనీస్ ముద్దలు పైకి తెచ్చింది. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల మేర వాటి అన్వేషణ హక్కు భారత్‌కు ఉంది. 2021 జూన్‌లో 4,077 కోట్ల రూపాయలతో కేంద్రం డీప్ ఓషన్ మిషన్‌ను ఆమోదించింది. అందులో భాగంగా చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ‘మత్స్య 6000’ జలాంతర్గామిని తయారుచేస్తోంది. 2.1 మీటర్ల వ్యాసం ఉన్న టైటానియం గోళంలో ముగ్గురిని 6,000 మీటర్లకు దించడం దాని లక్ష్యం. పని గంటలు 12, ఆపదలో 96 గంటల దాకా ప్రాణవాయువు. 2025 ఆగస్టు మొదటి వారంలో అట్లాంటిక్‌లో ఫ్రాన్స్ జలాంతర్గామి ‘నాటిల్’లో శాస్త్రవేత్త ఆర్. రమేశ్ 4,025 మీటర్లు, విశ్రాంత నౌకాదళ అధికారి జతిందర్ పాల్ సింగ్ 5,002 మీటర్లు దిగి శిక్షణ పొందారు. అంతకుముందు 2024 డిసెంబరులో మన శాస్త్రవేత్తలు హిందూ మహాసముద్రంలో 4,500 మీటర్ల లోతున ఒక వేడినీటి ఊటను రోబోతో ఫోటో తీశారు.

తెలుగు తీరానికి దగ్గరైన కథ కృష్ణా–గోదావరి బేసిన్‌ది. చమురు, సహజవాయువు దొరికే చోటుగా ఆ పేరు అందరికీ పరిచితం. 2006లో ‘జాయిడెస్ రిజల్యూషన్’ అనే డ్రిల్లింగ్ నౌక అక్కడ కిలోమీటరు లోతు నీటి కింద తవ్వినప్పుడు 128 మీటర్ల మందాన గ్యాస్ హైడ్రేట్ ఉన్న పొర బయటపడింది. నీటి అణువుల చట్రంలో మీథేన్ చిక్కుకుని మంచుముక్కలా గట్టిపడిన పదార్థం అది, అంటిస్తే మండుతుంది. 2019లో ప్రచురితమైన పరిశోధన ఇంకా ముచ్చటైన సంగతి చెప్పింది. ‘సింధు సాధన’ నౌక మీద వెళ్లిన శాస్త్రవేత్తలకు అదే బేసిన్‌లో మీథేన్ ఊరే చల్లని ఊటలు, వాటి చుట్టూ గలపగోస్ తరహాలో రసాయనాల మీద బతికే జీవుల గుంపులు దొరికాయి. భారత్‌కు చెందిన ప్రత్యేక ఆర్థిక సముద్ర మండలంలో అలాంటి సజీవ స్థావరం దొరకడం అదే తొలిసారి. పసిఫిక్‌లోని గొట్టపు పురుగుల బొమ్మ మన పాఠ్యపుస్తకాలకూ టీవీలకూ ఎప్పుడో ఎక్కింది. మచిలీపట్నం, కాకినాడ తీరాల అవతల ఉన్న ఈ ఊటలు మాత్రం పరిశోధన పత్రాల్లోనే ఉండిపోయాయి. ఇది నాకు బాధ కలిగించే విషయం. పత్రం రాసినవారి లోపం ఇందులో లేదు. యాత్ర ఖర్చులో చూపించడానికి, చెప్పడానికి విడిగా పద్దు ఉండకపోవడమే అసలు లోటు.

పంచుకునే అలవాటు మనకు కొత్తదేమీ కాదు. 1999లో హైదరాబాదులో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, హిందూ మహాసముద్రంలో ఆర్గో తేలుడు పరికరాల సమాచారానికి ప్రాంతీయ కేంద్రం. ఈ పరికరం ఒక్కొక్కటీ పది రోజులకోసారి 2,000 మీటర్ల దాకా మునిగి పైకొస్తూ నీటి వేడిని, ఉప్పదనాన్ని కొలుస్తుంది. ఆ అంకెలు ఏ దేశపు విద్యార్థికైనా, ఏ పరిశోధకుడికైనా ఉచితంగా అందుతాయి. చేపలు ఎక్కడ ఎక్కువగా పడే వీలుందో చెప్పే సూచనలను ఇదే సంస్థ తెలుగుతో సహా తీరప్రాంత భాషల్లో మత్స్యకారులకు పంపిస్తోంది. 2007 నుంచి సునామీ హెచ్చరికలూ ఇక్కడి నుంచే వెళుతున్నాయి. సముద్రం నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి తీరంలోని పడవల దాకా మాట చేరే దారి ఇప్పటికే ఉంది. మత్స్య 6000 పూర్తిస్థాయి మునకలకు ముందు తక్కువ లోతుల్లో పరీక్షలు జరగాలి. ఆ పరీక్షల నుంచే దృశ్యాలను, తెలుగు వ్యాఖ్యానంతో సహా, అదే దారిలో విశాఖ బీచ్ రోడ్డు బడులకూ, ఉప్పాడ పల్లెలకూ పంపే ఏర్పాటు చేయడానికి సాంకేతికంగా అడ్డంకి ఏమీ లేదు.